డబ్బు పడింది, ఖాతా ఆగింది... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది కావలి. మోటార్లు, రొయ్యల గుంటల ఏరేటర్లకు కావాల్సిన గేర్ బాక్సులు, బేరింగులు అమ్మే చిన్న షాపు. మా ఆయన గుంటల దగ్గర రిపేర్లకు తిరుగుతుంటారు, షాపు నేనే చూసుకుంటాను. సంక్రాంతికి ముందు తెలియని కుర్రాడొకడు వచ్చి రెండు మోటార్లు, ఒక గేర్ బాక్సు తీసుకుని 38,400 రూపాయలు స్కాన్ చేశాడు. డబ్బు పడింది, బిల్లు ఇచ్చాం. నెలన్నర తర్వాత మా కరెంట్ అకౌంట్ ఆపేశారు. బ్యాంకులో అడిగితే "వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల నుంచి వచ్చింది, మా చేతుల్లో లేదు" అంటున్నారు. అందులో లక్షా పదివేల దాకా ఉంది. దాన్ని నమ్ముకుని నెల్లూరు డీలరుకిచ్చిన చెక్కు బౌన్స్ అయింది. ఇది చాలదన్నట్టు, అల్లూరు వైపు రైతు ఒకాయన ఈమధ్య 9,200 స్కాన్ చేస్తే ఆయన ఫోన్లో డబ్బు కట్ అయింది, మా సౌండ్ బాక్సు మోగలేదు. తెలిసిన మనిషేనని సామాను ఇచ్చాం. ఇప్పుడు అడిగితే "నా డబ్బు పోయింది, మీరే చూసుకోండి" అంటున్నారు. ఇంకొకటి, ఒంగోలు నుంచి వచ్చినాయన కార్డు గీకి మోటారు కొన్నాడు. రెండు నెలల తర్వాత ఛార్జ్‌బ్యాక్ అని 21,500 మాకు రావాల్సిన దాంట్లోంచి కోసుకున్నారు. స్కానర్ తీసేసి క్యాషే తీసుకుందామని మా ఆయన, కోడలి పేరు మీద ఖాతాలో వేయించుకుందామని మా అబ్బాయి అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, కావలి

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరంలో మూడు గొడవలున్నాయి. మూడింటినీ కలిపి మీరు బ్యాంకు మేనేజరు ముందు పెడుతున్నారు, ఆయన మూడింటికీ ఒకటే మాట చెప్పి పంపిస్తున్నారు. చిక్కు అక్కడే వస్తోంది. మొదటిది పోలీసు వ్యవహారం. రెండోది డబ్బు దారిలో ఇరుక్కుపోయిన వ్యవహారం. మూడోది మీకూ, కొన్నాయనకూ మధ్య బేరం వ్యవహారం. ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి, ఏ కాగితం పట్టుకెళ్లాలి అన్నవి మూడింటికీ వేర్వేరు.

వాటికంటే ముందు చెక్కు సంగతి చూడండి, ఎందుకంటే మీ మీద గడువు నడుస్తున్నది దానికే. చెక్కు బౌన్స్ అయినట్టు తెలిసిన 30 రోజుల్లో డీలరు మీకు నోటీసు పంపొచ్చు. నోటీసు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టేస్తే అక్కడితో సరి. కట్టకపోతే ఆయన నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కోర్టుకెళ్లొచ్చు. ఖాతా ఆపింది పోలీసులు కదా, నా తప్పేముంది అని మీరు వాదించుకోవచ్చు గానీ, ఆ వాదన దాకా తెచ్చుకోవడం దేనికి? ఇవాళే డీలరుకు ఫోన్ చేయండి. ఖాతా ఆగిన సంగతి చెప్పి, హోల్డ్ కనిపించే స్టేట్‌మెంట్ పేజీ ఫొటో పంపండి. కొంతైనా సర్ది, మిగతాదానికి టైము అడగండి. ఫోన్లో ఏం మాట్లాడుకున్నా ఆ తర్వాత వాట్సాప్‌లో రెండు లైన్లు రాసి పెట్టండి. ఏళ్ల తరబడి మీతో వ్యాపారం చేస్తున్న డీలరైతే నోటీసు దాకా రాడు. వచ్చినా సరే, దాన్ని డ్రాయర్లో పడేసి ఊరుకోకండి.

ఇక ఖాతా. ఏం జరిగి ఉంటుందో చెబుతాను. ఎక్కడో ఒకాయన డబ్బు మోసగాళ్లు లాగేశారు. ఆయన 1930 నంబరుకు ఫోన్ చేశాడు, లేదా కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు పెట్టాడు. ఆ ఫిర్యాదుకు ఒక అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు వస్తుంది. డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు పోయిందో ఆ నంబరు మీద బ్యాంకులు ఒకదాని తర్వాత ఒకటి వెతుక్కుంటూ పోయి, తగిలిన ప్రతిచోటా హోల్డ్ వేస్తాయి. కావలి కాలువలో ఎగువన ఎవరో విషం కలిపారని తెలిస్తే దిగువ తూములన్నీ మూసేసినట్టే ఇది. అందులో దొంగల ఖాతాలూ ఉంటాయి, ఆ డబ్బుతో దొంగలు సామాను కొన్న షాపు ఖాతా కూడా ఉంటుంది. కొట్టేసిన డబ్బును సరుకుగా మార్చి, ఆ సరుకును ఇంకోచోట అమ్ముకోవడం వాళ్లకు తెలిసిన విద్యే. మీ ఖాతాకూ, దొంగ ఖాతాకూ తేడా కంప్యూటరుకు తెలియదు. కాగితాలతో మీరే చూపించాలి.

"మా చేతుల్లో లేదు" అన్న బ్యాంకు మాట సగమే నిజం. పోలీసులు వేయించిన హోల్డ్‌ను బ్యాంకు తనంతట తాను తీయలేదు, ఆ మాట వాస్తవం. కానీ ఎవరు వేయించారో, ఎందుకు వేయించారో, ఎంత మొత్తానికి వేయించారో చెప్పడం వాళ్ల చేతుల్లోనే ఉంది. నోటిమాటగా అడిగితే నోటిమాటే వస్తుంది. అందుకని తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి రెండు కాపీలు పట్టుకెళ్లండి. అందులో ఇవి అడగండి: హోల్డ్ ఏ తేదీన పడింది? ఏ రాష్ట్రంలో ఏ స్టేషన్, ఏ అధికారి కోరారు, వారి మెయిల్ ఏమిటి? ఫిర్యాదు అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు ఎంత? మా ఖాతాలో పడిన ఏ లావాదేవీ మీద అభ్యంతరం, దాని యూటీఆర్ నంబరు (ప్రతి లావాదేవీకీ ఉండే గుర్తింపు నంబరు) ఎంత? ఆపమన్నది ఆ లావాదేవీలోని సొమ్మునా, మొత్తం ఖాతానా? వచ్చిన నోటీసు కాపీ ఇప్పించండి. మీ దగ్గరుండే కాపీ మీద సీలు, తేదీ, సంతకం వేయించుకోండి. "మెయిల్ పెట్టండమ్మా, చూస్తాం" అంటే మెయిలూ పెట్టండి, సీలూ వేయించుకోండి.

సొమ్మునా, మొత్తం ఖాతానా అన్న ఆ ఒక్క ప్రశ్న మీద మీ డబ్బులో పెద్ద భాగం ఆధారపడి ఉంది. కుర్రాడు కట్టింది 38,400. అందులో కూడా మోసం డబ్బు ఎంతో, అతని సొంతం ఎంతో తెలియదు. మహా అయితే ఆ 38,400 మీద గొడవ ఉంటుంది. మిగతా 70 వేల పైచిలుకు మీరు బేరింగులు అమ్ముకుని సంపాదించుకున్నది, దానికీ ఆ కేసుకూ ఏ సంబంధమూ లేదు. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి కేసుల్లోనే, అనుమానం ఉన్న మొత్తం వరకే ఆపాలి తప్ప ఖాతా అంతా బిగించకూడదని చెప్పింది. వేరే రాష్ట్రం హైకోర్టు తీర్పు ఇక్కడ తప్పనిసరిగా పాటించాల్సింది కాకపోయినా, దరఖాస్తులో ఒక వాక్యం రాస్తే బరువుంటుంది. కాబట్టి మీరు మొదట అడగాల్సింది "హోల్డ్ మొత్తం తీసేయండి" అని కాదు, "వివాదంలో ఉన్న మొత్తానికే హోల్డ్ పరిమితం చేసి, మిగతాది వాడుకోనివ్వండి" అని. దీనికి ఒప్పుకోవడం అధికారికీ తేలిక. ఫిర్యాదు చేసినవాళ్ల డబ్బుకు ఢోకా ఉండదు, మీ షాపూ నడుస్తుంది.

బ్యాంకు నుంచి వివరాలు చేతికి రాగానే ఆ దర్యాప్తు అధికారికి మెయిల్ పెట్టండి. అదే కాగితాన్ని ఆ స్టేషన్ అడ్రసుకు అక్నాలెడ్జ్‌మెంట్‌తో స్పీడ్ పోస్టులో కూడా పంపండి. వేరే రాష్ట్రం కాబట్టి ఇంగ్లిషులో రాయించండి, ఒక పేజీ దాటనివ్వకండి. మేము ఫలానా షాపు, ఫలానా తేదీన ఈ సామాను అమ్మాం, ఈ యూటీఆర్ నంబరుతో డబ్బు వచ్చింది, కొన్న మనిషి మాకు అంతకుముందు తెలియదు, దర్యాప్తుకు సహకరిస్తాం, మిగతా డబ్బు విడిపించండి. అంతే. కష్టాలు, కన్నీళ్లు అందులో వద్దు.

దానికి జత చేసే కాగితాలే అసలు బలం. మీ బిల్లు బుక్కులో ఆ రోజు పేజీ తీసి చూడండి. చాలా షాపుల్లో లాగే పేరు దగ్గర "క్యాష్" అని గీకేసి ఉంటే అది బలహీనమైన కాగితం. అయినా కంగారు పడకండి. మోటారుకు నేమ్ ప్లేటు ఉంటుంది, దాని మీద సీరియల్ నంబరు ఉంటుంది. మీ బిల్లులోనో, వారంటీ కార్డు మీ సగంలోనో ఆ నంబరు రాసి ఉంటే, మీకు మోటార్లు సరఫరా చేసిన డీలరు బిల్లులోనూ అదే నంబరు దొరికితే, ఇంతకంటే గట్టి రుజువు ఇంకొకటి లేదు. ఫలానా రోజు వచ్చిన మోటారు ఫలానా రోజు మీ షాపు దాటి వెళ్లిందని, ఊరికే డబ్బు చేతులు మారలేదని అది చెబుతుంది. జీఎస్టీ ఉంటే ఆ నెల రిటర్ను, ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల నమోదు పత్రం), షాపు లైసెన్సు, ఆ రోజు స్టేట్‌మెంట్ పేజీ జత చేయండి. సీసీ కెమెరా ఉంటే రికార్డింగు ఇంకా మిగిలి ఉందేమో ఇవాళే చూడండి. డిస్కు నిండగానే పాతది చెరిగిపోతుంది, నెలన్నర దాటింది కాబట్టి ఆశ తక్కువే. ఇకముందు తెలియనివాళ్లు పెద్ద మొత్తం కొన్న రోజు ఆ ముక్క పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకోండి.

మెయిల్‌కు, పోస్టుకు ఉలుకూ పలుకూ లేకపోతే కోర్టు దారి ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్ కింద పోలీసులు ఇలా ఆపుతారు. పాత సీఆర్‌పీసీలో ఇది 102. ఆపిన సంగతి మేజిస్ట్రేటుకు తెలియజేయాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. సొమ్ము విడిపించమని ఆ మేజిస్ట్రేటు దగ్గర కొత్త సంహితలోని 503వ సెక్షన్ కింద దరఖాస్తు వేసుకోవచ్చు, లేదా మన హైకోర్టులో రిట్ వేయొచ్చు. ఆపింది 38,400 మాత్రమే అయితే లాయరు ఫీజు, దూరాభారం లెక్కేసుకుని కొంత కాలం ఓపిక పట్టమంటాను. మొత్తం ఖాతా ఆపి నెలలు గడుస్తుంటే మాత్రం రిట్ గురించి ఆలోచించాల్సిందే. ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. ఆదాయం ఎంతున్నా సరే, ఆడవాళ్లకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవల చట్టంలోనే ఉంది. షాపు, ఖాతా మీ పేరు మీద ఉంటే నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. ఖాతా మీ ఆయన పేరు మీద ఉంటే ఈ వెసులుబాటు రాదు.

ఈ మధ్యలో మీకు ఒక ఫోన్ వస్తే ఆశ్చర్యపోకండి. "సైబర్ స్టేషన్ నుంచి మాట్లాడుతున్నాం, ఈ నంబరుకు ఇంత కొడితే సాయంత్రానికి హోల్డ్ తీస్తాం" అంటారు. పైసా పంపకండి. ఫిర్యాదుదారుడికి డబ్బు తిరిగి ఇవ్వాల్సి వచ్చినా అది రాతపూర్వకమైన ఉత్తర్వు మీద, హోల్డ్‌లో ఉన్న సొమ్ములోంచి బ్యాంకు ద్వారానే జరగాలి. మీరు ఫోన్లో వేరే నంబరుకు పంపిన డబ్బు ఆ లెక్కలోకి రాదు.

కోడలి ఖాతా ఆలోచన మానుకోమని మీ అబ్బాయికి గట్టిగా చెప్పండి. సేవింగ్స్ ఖాతాలో వ్యాపారం నడిపితే బ్యాంకు ఒప్పుకోదన్నది ఒక సంగతి. అసలు ప్రమాదం వేరే ఉంది. కేసు నడుస్తుండగా షాపు వసూళ్లు ఇంట్లో ఇంకొకరి ఖాతాకు మళ్లితే, చూసే అధికారికి అది మ్యూల్ ఖాతాలా కనిపిస్తుంది. మ్యూల్ ఖాతా అంటే దొంగ డబ్బు తిప్పడానికి అద్దెకిచ్చిన ఖాతా. రేపు అలాంటి డబ్బే మళ్లీ పడితే ఆ అమ్మాయి జీతమో, బంగారం మీద తెచ్చుకున్న అప్పు డబ్బో కూడా ఇరుక్కుంటుంది. షాపు పేరు మీదే ఇంకో బ్యాంకులో కరెంట్ అకౌంట్ తెరవండి, అందులో తప్పేమీ లేదు. షాపు మీద లోను ఉంటే లోను ఇచ్చిన బ్యాంకుకు ఒక మాట చెప్పి తెరవండి. స్కానర్ వసూళ్లు ఒక ఖాతాలోకి రానిచ్చి, రోజూ షాపు మూసేముందు డీలర్లకు కట్టే రెండో ఖాతాకు మార్చుకునే పద్ధతి చాలామంది వ్యాపారులకు ఉంది. మంచి పద్ధతే. కాకపోతే అది మామూలు రోజుల్లో అలవాటుగా జరగాలి. నోటీసు వచ్చాక హడావుడిగా డబ్బు తరలిస్తే దాచినట్టవుతుంది.

అల్లూరు రైతు సంగతికి వద్దాం. ఇందులో ఆయన దొంగా, మీరు దొంగా అన్న ప్రశ్నే లేదు. ముందు ఒక తేదీ సరిచూసుకోండి. ఆయన స్కాన్ చేసింది మీ ఖాతా ఆగిన తర్వాత అయితే, కారణం అదే అయ్యుండొచ్చు. డబ్బు బయటికి పోకుండా మాత్రమే ఆపితే లోపలికి వచ్చేది వస్తూనే ఉంటుంది. రెండువైపులా బిగించేస్తే వచ్చేది కూడా తిరగ్గొడుతుంది. ఇంకా ఆ స్కానరే గోడకు అంటించి ఉంటే ఇవాళే దాన్ని కొత్త ఖాతాకు మార్పించండి, లేకపోతే ఇలాంటి రైతులు ఇంకో నలుగురు తయారవుతారు.

తర్వాత, డబ్బు నిజంగా రాలేదా అన్నది చూడాలి. సౌండ్ బాక్సు మోగకపోవడం రుజువు కాదు. దానికి సిమ్ సిగ్నల్ లేకపోయినా మోగదు. కొన్ని కంపెనీల స్కానర్లలో స్కాన్ చేసిన ప్రతి పైసా అప్పటికప్పుడు బ్యాంకు ఖాతాలో పడదు. కంపెనీ దగ్గర పోగై, సెటిల్‌మెంట్ పేరుతో ఒకే ఎంట్రీగా వస్తుంది. పాస్‌బుక్‌లో 9,200 కోసం వెతికితే కనిపించదు. వ్యాపారి యాప్‌లో ఆ రోజు లావాదేవీల రిపోర్టు తీసి అందులో చూడండి.

అక్కడా లేకపోతే ఆయన దగ్గరికే వెళ్లండి. ఫోన్లో వాదించుకుంటే మాటా మాటా పెరుగుతుంది. ఎదురుగా కూర్చుని ఆయన యాప్‌లో ఆ లావాదేవీ తెరవమనండి. 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అది రాసుకోండి. పక్కన సక్సెస్ అని ఉందా, పెండింగ్ అని ఉందా, ఫెయిల్డ్ అని ఉందా చూడండి. ఆ తర్వాత ఆయన బ్యాంకు స్టేట్‌మెంట్ తీయించండి. ఆ ఒక్క రోజుది కాదు, తర్వాత వారం పది రోజులది. చాలాసార్లు గొడవ అక్కడే తేలిపోతుంది. కట్ అయిన మెసేజ్ అందరూ చూస్తారు, తిరిగి పడిన మెసేజ్ ఎవరూ చూడరు. వెనక్కి వచ్చిన 9,200 ఆయనకే తెలియకుండా ఆ ఖాతాలో కూర్చుని ఉండొచ్చు. అలా తిరిగి పడి ఉంటే లెక్క సుళువు, ఆయన మీకు 9,200 బాకీ.

తిరిగి పడకపోతే 2019 సెప్టెంబరు 20న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ఆయనకు పనికొస్తుంది. కొనుగోలుదారు ఖాతాలో యూపీఐ డబ్బు కట్ అయి, షాపు వైపు కన్ఫర్మేషన్ రాకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోపు డబ్బు దానంతట అదే ఆయన ఖాతాకు తిరిగి వెళ్లాలి. దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున ఆయనకు పరిహారం ఇవ్వాలి, అదీ ఆయన అడగకుండానే. మీది వ్యాపారి స్కానర్ కాకుండా, మామూలు ఫోన్ నంబరుకు పంపించుకున్నదైతే గడువు ఒక్కరోజే. ఫిర్యాదు పెట్టాల్సింది ఎవరి డబ్బు కట్ అయిందో వాళ్లు, అంటే రైతు. ఆయన యాప్‌లో ఆ లావాదేవీ కిందే ఫిర్యాదు మీట ఉంటుంది. మీరు కూడా అదే యూటీఆర్ నంబరుతో స్కానర్ ఇచ్చినవాళ్లకు ఒక కంప్లయింట్ పెట్టండి. రెండు వైపుల నుంచీ వెళ్తే తొందరగా తేలుతుంది.

"మీరే చూసుకోండి" అని ఆయన అనడం ఎంత అన్యాయమో, డబ్బు ఎక్కడుందో తేలకముందే "మళ్లీ కట్టు" అని మీరు అనడమూ అంతే. రొయ్యలు పట్టాక చూద్దాం అనుకునేంత పరిచయం ఉంటే, ఫిర్యాదు నంబరు రాసుకుని అప్పటిదాకా ఆగండి. 9,200 కోసం ప్రతి సీజనులో నాలుగు గేర్ బాక్సులు కొనే మనిషిని పోగొట్టుకోమని నేను చెప్పలేను.

ఛార్జ్‌బ్యాక్ (కార్డు మీద కట్టిన డబ్బును బ్యాంకు షాపు దగ్గర్నుంచి వెనక్కి తీసుకోవడం) సంగతి కాస్త తేలిగ్గానే చెబుతాను, ఎందుకంటే మీకు మిగిలిన పని కూడా అంతే. కొన్నాయన తన కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేశాడు. అది మీకు మెషిన్ ఇచ్చిన బ్యాంకు దాకా వచ్చింది. వాళ్లు మిమ్మల్ని రుజువు అడిగారు. గడువులోగా జవాబు రాకపోతే మీరు ఒప్పుకున్నట్టే లెక్క. నాకేమీ రాలేదే అంటారేమో. మెషిన్ పెట్టిన రోజు ఏజెంటు ఏ మెయిల్ అడ్రసు రాశాడో కనుక్కోండి. సగం కేసుల్లో అది ఏజెంటు సొంత మెయిలో, ఎవరూ తెరవని పాత మెయిలో అయ్యుంటుంది. ముందు దాన్ని మార్పించండి. తర్వాత ఆ బ్యాంకును రాతపూర్వకంగా మూడు అడగండి: ఆయన చెప్పిన కారణం ఏమిటి, జవాబుకు గడువు ఇంకా ఉందా, పై దశకు తీసుకెళ్లే అవకాశం ఉందా? "ఈ లావాదేవీ నాది కాదు" అన్నది కారణమైతే, చిప్ కార్డు పెట్టి పిన్ కొట్టిన స్లిప్పు మీ పక్షాన గట్టిగా నిలుస్తుంది. "సరుకు అందలేదు" అంటే సంతకం చేసిన బిల్లు చాలు. "మోటారు బాగాలేదు" అంటే మాత్రం ఆ తగవు బ్యాంకు తేల్చేది కాదు. లో ఓల్టేజీకి కాలిన మోటారును షాపు నెత్తిన రుద్దేవాళ్లున్నారని నాకూ తెలుసు. వారంటీ కార్డు, మెకానిక్ రాసిన రిపోర్టు ఉంటే ఆయనకు లాయరు నోటీసు ఇప్పించండి. మోటారు వెనక్కి తెచ్చుకుని సగానికి రాజీ పడగలిగితే నన్నడిగితే అదే మేలు.

మీ ఆయన అన్నట్టు స్కానర్ తీసేస్తే గొడవలు పోతాయి, వాటితోపాటు గిరాకీ కూడా పోతుంది. జేబులో నోట్లు పెట్టుకుని గుంట దగ్గర్నుంచి వచ్చే రైతు ఇప్పుడు ఎక్కడున్నాడు? తీయాల్సింది స్కానర్ కాదు, "క్యాష్" అని గీకేసే అలవాటు. పదివేలు దాటిన ప్రతి బిల్లు మీద కొన్నవాళ్ల పేరు, ఫోన్ నంబరు, యూటీఆర్ చివరి ఆరంకెలు, మోటారైతే సీరియల్ నంబరు రాయండి. నిమిషం పని. యాప్‌లో పడిన పేరు, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు ఒకటి కాకపోతే "ఎవరు పంపారు బాబూ" అని అడిగి ఆ పేరు కూడా రాయండి. మనిషి రాకుండా ఆటో పంపించి, డబ్బు మూడు నాలుగు పేర్ల మీద ముక్కలుగా వేస్తున్నారంటే సరుకు గడప దాటనివ్వకండి. "పొరపాటున ఎక్కువ పడింది, ఈ నంబరుకు తిరిగి కొట్టండి" అంటే కొట్టకండి. యాప్‌లోని రీఫండ్ ద్వారా వచ్చిన ఖాతాకే వెనక్కి పంపండి, లేదా వాళ్ల బ్యాంకు ద్వారా అడగమనండి. ఎదుటివాళ్ల ఫోన్లో కనిపించే పచ్చటి టిక్కు గుర్తును అసలే నమ్మకండి, అచ్చం అలాగే చూపించే దొంగ యాప్‌లున్నాయి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. మీ ఖాతాలోంచే మీకు తెలియకుండా డబ్బు పోతే, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెప్పాలి. తప్పు మీదీ, బ్యాంకుదీ కాక మధ్యలో ఇంకెక్కడో జరిగి ఉంటే అప్పుడు మీ మీద భారం పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాల్లో చెబితే, చిన్న పరిశ్రమగా, వ్యాపారంగా నమోదైన షాపు కరెంట్ అకౌంటుకు భారం 10,000 దాటదు, ఇతర కరెంట్ అకౌంట్లకు అది 25,000 దాకా ఉంటుంది. ఈ లెక్కలు 2017 జులై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వులోవి. ఉద్యమ్ సర్టిఫికెట్ లేకపోతే వెంటనే తీసుకోండి, ఫీజేమీ లేదు. తీసుకున్నాక ఒక కాపీ బ్యాంకులో ఇచ్చి ఖాతాకు నమోదు చేయించండి. ఓటీపీ, పిన్ మీరే చెప్పేస్తే మాత్రం, బ్యాంకుకు చెప్పేదాకా పోయినదంతా మీరే భరించాలి.

చివరగా బ్యాంకు మీద ఫిర్యాదు. పోలీసులు ఆపారన్నందుకు బ్యాంకు మీద ఫిర్యాదు నిలవదు. అడిగిన వివరాలు ఇవ్వకపోవడం, నోటీసులో ఒక మొత్తం ఉంటే ఖాతా అంతా బిగించడం, దరఖాస్తుకు జవాబే ఇవ్వకపోవడం బ్యాంకు లోపాలు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు మీకు నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. ఫిర్యాదుల కోసం ఉన్న వారి సీఎంఎస్ పోర్టల్లో పెట్టొచ్చు, 14448 కు ఫోన్ చేసి ఎలా పెట్టాలో అడగొచ్చు, రుసుమేమీ ఉండదు. మెషిన్ బ్యాంకు ఛార్జ్‌బ్యాక్ వివరాలు చెప్పకపోయినా ఇదే దారి. ముందు బ్యాంకును అడిగామన్న రుజువు లేకుండా నేరుగా వెళ్తే తిప్పి పంపుతారు. దరఖాస్తు మీద సీలూ, తేదీ వేయించుకోమని ఇందాక అంతగా చెప్పింది ఇందుకే, 30 రోజుల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.